ముందు చెవి, తర్వాత చెయ్యి

రాయవేలూరులో, అదే తమిళనాడులోని వేలూరులో, సీఎంసీ ఆసుపత్రి ముందు వీధిలో నిలబడి తల ఎత్తి చూడండి. లాడ్జీలు, మందుల షాపులు, మెస్సులు, ఎక్కడ చూసినా తెలుగు బోర్డులే. ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి వైద్యానికి వచ్చేవాళ్ల కోసం రాయించినవి. అదే లాడ్జీలో గది తాళం చేతికిచ్చే కుర్రవాడు గుడియాత్తం వాడై ఉంటాడు, ఇంట్లో తెలుగే మాట్లాడుతుంటాడు, కానీ తన తలమీద వేలాడే బోర్డు తను చదవలేడు. ఇది ఇక్కడ ఎవరికీ వింతగా కూడా తోచడం లేదు. నాకు మాత్రం కడుపు రగిలిపోతుంది.

ఎందుకు రగులుతుందో చెప్పాలంటే ముందు మంచి పనితనం గురించి చెప్పాలి. వేలూరు, గుడియాత్తం మధ్య ముప్పై చిల్లర కిలోమీటర్ల మేర, బడితో, ప్రభుత్వంతో నిమిత్తం లేకుండా, ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లలకు తెలుగు నేర్పే పద్ధతి ఒకటి ఇంకా అక్కడక్కడా బతికి ఉంది. పొద్దుగూకేటప్పుడు అరుగుమీద అరగంట. అంతకు మించి ఉండదు. బెత్తం ఉండదు, పరీక్ష ఉండదు. దీన్ని చూసినవాళ్లు ఎవరైనా ఇక ఏ కాన్వెంటు తెలుగు పాఠాన్నీ పాఠం అనలేరు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి తెలుగు తాలూకాలను విడదీసి చిత్తూరు జిల్లా చేశారు. గుడియాత్తం ఇటే, ఉత్తర ఆర్కాటులోనే ఉండిపోయింది. పలమనేరు వైపు కొండల్లో పుట్టిన కౌండిన్య నది మాత్రం ఆ గీతను పట్టించుకోకుండా ఊళ్లోకి వస్తూనే ఉంది. లుంగీల నేతకు, అగ్గిపెట్టెలకు పేరుపడిన ఈ ఊళ్లో తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి ఎక్కుతూ 2016 నాటి పదో తరగతి పరీక్షల దాకా చేరింది. ఇంట్లో ఏ భాష మాట్లాడినా బడిలో తమిళం తప్పనిసరి. ఆ చట్టాన్ని ఆడిపోసుకోవడం తేలిక. ఆ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నా కోపం అటు కాదు, మన ఇళ్లవైపు.

అరుగుమీది ఆ పద్ధతిలో మొదటి మెట్టు చెవి. పలకా బలపం పిల్లవాడికి ఐదేళ్లు దాటేవరకు చేతికివ్వరు. అప్పటిదాకా కథ, పొడుపుకథ, సామెత, చెమ్మచెక్క ఆటల పాటలు. కథ చెబుతుంటే పిల్లవాడు ‘ఊ’ కొట్టాలి. ఈ ఊ కొట్టడాన్ని చాలామంది నిద్ర తెప్పించే ముచ్చట అనుకుంటారు. కాదండీ, అంతకంటే సూక్ష్మమైన కొలత నేను ఎక్కడా చూడలేదు. ఊ కాస్త ముందే వస్తే పిల్లవాడు ఈ కథ విన్నాడన్నమాట. ఆలస్యమైతే ఏదో మాట అర్థం కాలేదు. సాగితే నిద్ర. తెలిసిన అవ్వ ఆ ఊను బట్టి వాక్యం పొడుగు మారుస్తుంది, కఠినమైన మాట పక్కన తేలికమాట చేరుస్తుంది, నక్కను కాసేపు ఆపి పులిని తెస్తుంది. మర్నాడు సాయంత్రం, ‘నిన్న ఆ నక్క ఏం జేసిందిరా అబ్బోడా, నేను మర్చిపోతిని’ అంటుంది. వాడు చెబుతాడు. ఎక్కడైనా తప్పినా అవ్వ దిద్దదు. కథ చివరిదాకా వచ్చాక తనే మళ్లీ ఒకసారి సరిగ్గా చెబుతుంది, అంతే.

ఇంగ్లండులో షార్లట్ మేసన్ అనే విద్యావేత్త 1886లో ‘హోం ఎడ్యుకేషన్’ అని పుస్తకం వేసింది. ఆరేళ్ల లోపు పిల్లలను పాఠాలతో వేధించకూడదని, చదివి వినిపించింది తిరిగి చెప్పించాలని, మంచి వాక్యాలు చూసి రాయించాలని, పాఠాలు చిన్నవిగా ఉండాలని ఆమె మాట. ఇవాళ బడి మాన్పించి ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలు దేశదేశాల్లో ఆమె పేరు తలుస్తాయి. బెంగళూరులో, హైదరాబాదులో కూడా తలుస్తున్నారట. తలవనీండి, మంచిదే. కానీ ఆమె పుస్తకం డబ్బు పెట్టి తెప్పించుకునే తల్లి తన అత్తగారిని మాత్రం కథ చెప్పనివ్వదు, టీవీ పెట్టి కూర్చోబెడుతుంది. దీనికేమనాలి!

రెండో మెట్టు చెయ్యి. పళ్లెంలో బియ్యం, వేలితో అక్షరం. అదే వీధిబడిలో అయితే ఇసుక. మద్రాసులో ఎగ్మూరు అనాథాశ్రమ పాఠశాల నడిపిన ఆండ్రూ బెల్ అనే దొర మన వీధిబడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి ముచ్చటపడి, ఆ పద్ధతినీ, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఏర్పాటునూ 1797లో పుస్తకంగా అచ్చువేశాడు. ‘మద్రాసు పద్ధతి’ అని బ్రిటన్ అంతా పాకింది. మన ఇసుక సీమ దాటి గౌరవం పొందింది, మనకు మాత్రం అది పల్లెటూరి మోటుతనం.

వేలు ఇసుకలో పోతున్నప్పుడు అక్షరాల వరస అకారం నుంచే ఉండాలని లేదు. తెలిసినవాళ్లు ఆకారం చూసి పోతారు. ‘వ’ కుదిరితే ‘ప’ కుదిరినట్టే. ‘ప’కు కాస్త చేరిస్తే ‘ష’, ‘ఫ’. ‘వ’కే ఒక కొక్కెం తగిలిస్తే ‘మ’. వారంలో పిల్లవాడికి ఒక కుటుంబం మొత్తం చేతికొస్తుంది. తర్వాత గుణింతం. గుడిస్తే కి, కొమ్మిస్తే కు అంటూ రాగం తీస్తుంటే పెదవి, చెవి, వేలు మూడూ ఒకే పని చేస్తాయి. ధ్వని, గుర్తు పేరు రెండూ ఒక్క మాటలో ఇమిడ్చిన ఆ పాతకాలపు పంతులు ఎవరోగానీ ఆయనకు చేతులెత్తి మొక్కాలి.

ఈ సరిహద్దులో అసలు పనితనం ఇక్కడే బయటపడుతుంది. గుంటూరు పంతులుకు ఎదురుకాని చిక్కు గుడియాత్తం అవ్వకు ఎదురవుతుంది. పిల్లవాడు పొద్దున బడిలో తమిళ అక్షరాలు దిద్ది వస్తాడు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒక్కటే అక్షరం. అందువల్ల వాడి నోరు ‘గుడి’ అంటుంది, చెయ్యి ‘కుడి’ అని రాస్తుంది. నేతవీధిలో ఒక అవ్వ దీనికి చేసే వైద్యం చూశాను. ఎర్ర పెన్సిలు ముట్టదు. వాడు రాసింది రాసినట్టు చదివి వినిపిస్తుంది: ‘కుడిలో దేవుడుండాడు. గుడిచేత్తో అన్నం తినాల.’ పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వులోనే ‘పడి’, ‘బడి’ వచ్చేస్తాయి, ‘తడి’, ‘దడి’ వచ్చేస్తాయి, ‘కంప’ మోసేదెవరో ‘గంప’ మోసేదెవరో తేలిపోతుంది. వల్లించాల్సిన సూత్రం ఒక్కటీ లేదు.

వత్తులు ఇంకా గడ్డు. తమిళంలో ‘అమ్మ’ రాయాలంటే మొదటి ‘మ’ మీద చుక్క పెట్టి, రెండోది పక్కన రాస్తారు. తెలుగులో రెండోది మొదటిదాని కాళ్లకింద దూరాలి. పక్కపక్కన రాసే అలవాటు పడిన చేతికి కింద రాయడం తోచదు. ‘పెద్దోడు పైన కూచుంటాడు, చిన్నోడు కింద దూరతాడు’ అని ఆమె ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి చూపిస్తుంది. చిన్నవాడు నిజంగానే అన్న కాళ్లమధ్య దూరతాడు. ‘మ’, ‘య’, ‘ల’, ‘న’ వంటి అక్షరాలు వత్తుల్లో వేషం మారుస్తాయి గనక వాటిని విడిగా, ఆఖరున చూపిస్తుంది. ఈ వరస ఆమెకు ఏ శిక్షణ కళాశాల నేర్పింది?

మూడో మెట్టు పద్యం. వేమన పద్యాలను బ్రౌను దొర 1829లో అచ్చువేశాడు. అప్పటికే అవి జనం నోట ఉన్నవే కదా. వేమన వాడిన ఆటవెలదిలో మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో, నాలుగో పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ఈ గొడవంతా పిల్లవాడికి అక్కర్లేదు. వాడు చప్పట్లు కొడతాడు, ఒక పాదం సాగుతుంది, తర్వాతి పాదం దుముకుతుంది, వాడి చేతికి తెలిసిపోతుంది. సుమతి శతకం కందాల్లో ప్రాస రెండో అక్షరం దగ్గర పట్టుకొమ్మలా ఉంటుంది కాబట్టి మర్చిపోయిన పాదం కూడా ఆ కొమ్మ పట్టుకుని పైకొస్తుంది. మంచి ఇళ్లలో వారానికి ఒకటే పద్యం. అర్థం చెప్పరు. ఆ పద్యం పనికొచ్చే సందర్భం వచ్చేదాకా ఆగుతారు. పిల్లవాడు ఎవరిమీదో కోపంతో ఇంటికొచ్చిన రోజున చదివిన పద్యం వాడికి జన్మలో పోదు.

ఇలాంటి చెవి పెరిగితే ఏమవుతుందో తిరుపతి వేంకట కవులు చూపించారు. శతావధానంలో నూరుమంది పృచ్ఛకులు అడిగింది నూరు రకాలుగా పూరించి, చివరికి అన్ని పద్యాలూ వరసగా అప్పగించడం! ఆ ధారణ గాలిలోంచి ఊడిపడలేదు. అరుగుమీద మొదలైంది.

చూచిరాతకు మా తరానికి చందమామను మించిన పుస్తకం లేదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి ప్రారంభించారు. తమిళంలో అంబులిమామ. వేలూరు పిల్లవాడికి ఇంతకంటే వరం ఏం కావాలి! అదే కథ, అదే బొమ్మ, రెండు లిపులు. కొడవటిగంటి కుటుంబరావు దాదాపు మూడు దశాబ్దాలు ఆ వచనాన్ని సాన పట్టాడు. పొల్లు మాట ఒక్కటి దొరకదు. బేతాళ కథ ప్రశ్నతో ఆగిపోయినప్పుడు పుస్తకం మూసి ‘నువ్వు చెప్పు’ అనడానికి ఏ గైడూ అవసరం రాలేదు. రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల చేతికే మైకు ఇచ్చి మాట్లాడించారు. 2013 నాటికి చందమామ ఆగిపోయింది. ఆ దెబ్బ నుంచి సరిహద్దు తెలుగు ఇంకా తేరుకోలేదు.

దాని స్థానంలో ఏం వచ్చింది? ముప్పై రోజుల్లో తెలుగు. రంగురంగుల వర్క్‌బుక్కులు, వాటిలో ఖాళీలు పూరించడాలు. పూర్తి వాక్యం ఒక్కటైనా రాయించరు. ఫోనులో బొమ్మలు పాడే పాటలు. ‘ళ’ పలకనివాళ్ల చేత పాడించి, పిల్లల నాలుకమీద జీవితాంతం చెరగని మచ్చ వేస్తున్నారు. తెలుగు పద్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చువేసి అమ్మే ఘనులున్నారు. ఒక పోటీకి వెళ్లాను. పసిపిల్లలకు వేమన వేషం వేసి, గడియారం పెట్టి, ఎవరు ఎక్కువ పద్యాలు గబగబా అప్పజెబితే వారికి బహుమతి. విరుపు లేదు, ఊపిరి లేదు. ఒక పాప మధ్యలో ఆగి ఏడ్చేసింది, నిర్వాహకులు తర్వాతి నంబరు పిలిచారు. ‘చదువులా? చావులా?’ అని రచయిత నామిని ఊరికే అడిగాడా!

ఇంకో జాతి ఉంది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చి, ఇక్కడి పిల్లవాడు ‘వస్తా ఉండాడు’ అంటే పకపకా నవ్వే చుట్టాలు. అయ్యా, మీ పిల్లలు ‘వాడు కమ్ అవుతున్నాడు’ అంటున్నారు, అది ముందు చూసుకోండి. పులికాటు సరస్సు తీరపు తాత, అవ్వల నోటి మాటలతో స.వెం.రమేశ్ ‘ప్రళయ కావేరి కథలు’ రాస్తే, ఎన్నెన్ని పేర్లు, ఎన్నెన్ని ఆటలు బయటపడ్డాయో చదివినవాళ్లకు తెలుసు. సరిహద్దు మాట ఎంగిలి మాట కాదు. పిల్లవాడికి మొదట ఆ మాటలోనే కథ చెప్పాలి, ఆ మాటలోనే వాడి చేత చెప్పించాలి. పుస్తకాల తెలుగు తర్వాత దానంతటదే వస్తుంది. వాడి మాట తప్పని మొదటిరోజే అంటే ఆ సాయంత్రం నుంచి వాడు ఇంట్లోనూ తమిళమే మాట్లాడతాడు. అలా మాట్లాడే ఇళ్లు నాకు తెలుసు.

వేలూరు, కాట్పాడి, గుడియాత్తం, పేర్ణాంబట్టు తెలుగువాళ్లను కోరేది పెద్ద పనేమీ కాదు. అటకమీద చందమామ కట్టలుంటే చెదలకు వదలక దించండి. ఇంట్లో అవ్వ ఉంటే ఫోను ఆమె ముందు పెట్టి ముందు పొడుపుకథలు, తర్వాత సామెతలు, ఆపైన కథలు రికార్డు చెయ్యండి. పొడుపుకథలే ముందు ఎందుకంటే అవే తొందరగా మరపున పడతాయి. పద్యాల పోటీ పెట్టేవాళ్లు గడియారం తీసేసి, పిల్లవాడికి నచ్చిన ఒక్క పద్యం, దానికి వాడే చెప్పే ఒక్క కథ అడగండి. తమిళంలో ఔవైయార్ ఆత్తిచూడి అక్షరక్రమంలో నోటికొచ్చిన పిల్లవాడికి తెలుగు పద్యం బరువేమీ కాదు. వాడి చెవి అప్పటికే తయారై ఉంటుంది. వచ్చే విజయదశమికి అక్షరాభ్యాసం చేయించేవాళ్లు బడిలో చేర్చే ఫారంతో పాటు ఒక పళ్లెం బియ్యం కూడా సిద్ధం చేసుకుంటే చాలు. ఆ పళ్లెం దగ్గర కూర్చోవాల్సింది ట్యూషను మాస్టారు కాదు, మీరే.