ఎన్ని దిండ్లు?

గుండెపోటుకు స్టెంట్ వేయించుకుని కర్నూలు నుంచో బళ్లారి నుంచో తిరిగొచ్చిన మనిషి ఎదురుగా కూర్చోగానే, ఇంట్లోవాళ్లు లావుపాటి ఫైలు నా చేతికిస్తారు. దాన్ని పక్కన పెట్టి మొదట అడిగేది ఒకటే: "రాత్రి తలకింద ఎన్ని దిండ్లు పెట్టుకుంటాండావన్నా?"

నవ్వేవాళ్లున్నారు. ఇంత ఖర్చు పెట్టుకొస్తే దిండ్ల లెక్కేంది సార్ అని.

నేను మామూలు ఫిజీషియన్ని. వారంలో సగం ఆదోనిలో, సగం ఎమ్మిగనూరులో చూస్తాను. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు కాబట్టి ఎమ్మిగనూరులో నా దగ్గరికొచ్చేవాళ్లలో మగ్గం మనుషులు ఎక్కువ. ఒకరోజు వచ్చినాయనా నేతగాడే. "ఒకటే సార్" అన్నాడు. వెనకనుంచి భార్య అందుకుంది: "యాడొకటి సార్! పండుకుంటే దమ్మొస్తాందని గోడకానుకోని కూచోనే నిద్దరపోతాండాడు."

స్టెంట్ మూసుకున్న నాళాన్ని తెరుస్తుంది. అప్పటికే చచ్చిన కండరాన్ని బతికించదు. మిగిలిన కండరం రక్తాన్ని ముందుకు తోయలేకపోతే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పడుకుంటే అది ఇంకా ఎక్కువవుతుంది. అందుకే ఒక దిండు రెండవుతుంది, రెండు గోడ అవుతాయి. గుంటమగ్గంలో కాళ్లాడించే మనిషిగదా, చెప్పులు బిగువైనాయని తానే చెప్పాడు. ముంగాలిమీద బొటనవేలితో నొక్కిపట్టి తీస్తే గుంట అట్లాగే నిలిచింది. ఎకోలో గుండె పంపే శాతం 35. మామూలుగా 55 దాటాలి.

మందులు మంచివే ఉన్నాయి. నీళ్లమాత్ర ఫ్రూసెమైడ్, బీటా బ్లాకర్, స్పైరనోలాక్టోన్, ఇప్పుడు కొత్తగా డాపాగ్లిఫ్లోజిన్. ఈ చివరిది షుగరు మందుగా వచ్చి గుండె మందయింది. చిక్కంతా అక్కడే. "నాకు షుగరు లేదు, ఇది తప్పు రాసినారు" అని మానేసినవాళ్లు నాకు నెలకొకరు తగులుతారు.

పోటు తెచ్చే చిక్కు నీరొక్కటే కాదు. మొదటి గంటల్లో గుండె లయ తప్పి కొట్టుకోవడమే చంపుతుంది. ఆదోని నుంచి కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. అందుకే రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ముందు దగ్గరి ఆసుపత్రిలోనే వేయించుకుని, ఆ తర్వాత బండెక్కమంటాను. మొదటి వారంలో స్టెతస్కోపుకు నిన్న లేని చప్పుడు వినిపిస్తే గుండె గదుల మధ్య గోడకు చిల్లు పడిందేమో, కవాటాన్ని పట్టే కండరం తెగిందేమో అని భయం. దానికి మందు లేదు, ఆపరేషనే.

తేలిగ్గా పోయే చిక్కులూ ఉన్నాయి. కొన్ని వారాలకు జ్వరం, మళ్లీ ఛాతీనొప్పి. ఇల్లంతా ఏడుపులు. కానీ ఈ నొప్పి పడుకుంటే పెరుగుతుంది, ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతుంది. గుండె చుట్టూ ఉన్న పొర వాచిందన్నమాట. 1956లో విలియం డ్రెస్లర్ వివరంగా రాసినందుకు ఆయన పేరే పెట్టారు. నాళాలు తొందరగా తెరుస్తున్నాక ఇది అరుదైపోయింది. ఆస్పిరిన్ మోతాదు పెంచి, కాల్చిసిన్ కలిపితే దిగుతుంది. మందులషాపులో అడిగి తెచ్చుకునే ఒళ్లునొప్పుల మాత్రలు మాత్రం వద్దు. అవి ఒంట్లో నీరు నిలుపుతాయి.

ఆదోనిలో ఒక హమాలీకి, రోజూ పొద్దున్నే బరువు చూసుకో, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరే, వెంటనే రా అని చెప్పాను. రోజంతా పత్తి బోరాలు తూకానికెత్తే మనిషి, తన బరువెంతో తనకు తెలీదు. పదిరోజులకు చీటీతో వచ్చాడు. అన్నీ 58 దగ్గరున్నాయి, ఒక్క మంగళవారం మాత్రం బాగా ఎక్కువ. గతుక్కుమని కాళ్లు నొక్కి చూశాను. వాపు లేదు.

"ఆ పొద్దు సంకలో మనవడుండె సార్" అన్నాడు. "దిగనంటే దిగకపాయ."