కొత్త కారుకు పైపూత: ప్రకటనలో పాలెంత, నీరెంత?

కొత్త కారు కొనువారికి దుకాణములో ఎదురగు ప్రశ్న యొకటి గలదు: రంగు మీద రక్షణపూత వేయించుకొందురా? ‘సిరామిక్ పూత’ వేసినచో గాజు కవచము ఏర్పడుననియు, దాని కాఠిన్యము ‘9హెచ్’ అనియు ప్రకటనలు చెప్పుచున్నవి. ఈ మాటలను పరిశీలింపవలసియున్నది.

నేటి కారు రేకుపై తుప్పును నిరోధించు పూత, దానిపై రంగు, అన్నిటికిని పైన స్వచ్ఛమైన వార్నిషు పొర ఉండును. అన్నియు కలిసి సుమారు 100 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో పదవ వంతు. అతినీలలోహిత కిరణములను పీల్చు పదార్థము ఆ వార్నిషులోనే కలదు. కావున తుప్పునుండి, ఎండనుండి ముఖ్యరక్షణ కర్మాగారములోనే లభించినది. సిరామిక్ పూత మందము సాధారణముగా కొద్ది మైక్రానులే.

ఇక ‘9హెచ్’. విద్యార్థి దీనిని విని మోస్ మానములో 9వదైన కురువిందమును తలచును. అది పొరపాటు. ఇది పెన్సిలు పరీక్ష. 9హెచ్ పెన్సిలుకు గీత పడనిచో ఆ అంకె నిత్తురు. పెన్సిలు ముల్లు గ్రాఫైటు, బంకమన్నుల మిశ్రమము మాత్రమే. దారి దుమ్ములోని ఇసుక, మోస్ మానములో 7 గల క్వార్ట్‌జు. అది ఈ పూతను గీయగలదు.

పల్నాటిలో మరియొక చిక్కు గలదు. మాచర్ల, పిడుగురాళ్ళ ప్రాంతము సున్నపురాతికి ప్రసిద్ధము. అట్టి రాతి పొరలలో ఊరిన బావినీరు కఠినజలము. దానితో కారును కడిగి ఎండలో విడిచినచో, నీరావిరియై కాల్షియం కార్బొనేటు తెల్లమచ్చగా మిగులును. పూత ఉన్నచోట నీరు బిందువులై జారిపోవును, మురికి గట్టిగా అంటదు. ఇది నిజమైన లాభము. కాని జారక నిలిచిన బిందువు అక్కడను మచ్చనే మిగుల్చును.

కావున పూత మోసము కాదు, కవచమును కాదు. అది కడుగుటను సులభము చేయును. రాళ్ళదెబ్బలకు 150 మైక్రానులకు పైబడిన పాలియురిథేన్ ఫిల్ము కొంత ఓర్చును గాని, దాని ఖరీదు చాల హెచ్చు. పొడిగుడ్డతో దుమ్ము తుడుచుట మాని, పుష్కలముగ నీరు పోసి, నీడలో తడి నద్దుట ఖర్చులేని రక్షణ. పూత వేయించినను ఈ అలవాటు తప్పదు.

ఉపాధ్యాయులు తరగతిలో చిన్న ప్రయోగము చేయింపవచ్చును. గాజుపలక సగభాగమునకు మైనము రాచి, రెండువైపుల బావినీటి బొట్లుంచి ఎండబెట్టవలెను. మచ్చ రెండుచోట్లను కనబడును. వినిగరు బొట్టుతో అది కరగును. ఆ పలకను చూచిన పిదప ప్రకటనను చదువుట మేలు.