'ఒక్కతే తీసింది' అనే ముందు

సినిమా బడికి వెళ్లకుండా సినిమా నేర్చుకున్న స్త్రీ అనగానే 'ఒంటరి పోరాటం' అన్న మాట సిద్ధంగా ఉంటుంది. అస్సామీ దర్శకురాలు రీమా దాస్ విషయంలోనూ అంతే. నటి కావాలని ముంబై వెళ్లిన ఆమె 2009లో 'ప్రథా' అనే లఘుచిత్రంతో మొదలుపెట్టి, చేస్తూ చేస్తూ పని నేర్చుకుంది. తొలి చిత్రం 'అంతర్దృష్టి' కోసం సొంత ఊరు వెళ్తే, థర్మోకోల్ వాయిద్యాలతో కచేరీ చేస్తున్న పిల్లలు కనబడ్డారు. 'విలేజ్ రాక్‌స్టార్స్' (2017) అలా పుట్టింది.

రచన, కెమెరా, ఎడిటింగ్, నిర్మాణం అన్నీ ఆమెవే. యూనిట్ లేకపోవడం లోటే. కానీ కాల్షీట్ల తొందరా లేదు. అందుకే మూడేళ్లకు పైగా వరదల్నీ పిల్లల ఎదుగుదలనీ కనిపెట్టుకుని ఉండగలిగింది. ధును రజస్వల అయ్యాక, మగపిల్లలతో తిరగనిస్తోందని ఊరి ఆడవాళ్లు తల్లిని తప్పుపడతారు. వరదలో భర్తను పోగొట్టుకున్న ఆ తల్లి వాళ్లకి ఎదురు చెబుతుంది, కూతురికి ఈత నేర్పుతుంది. ఆమెను త్యాగమూర్తిని చెయ్యకపోవడం ఈ సినిమా గొప్పతనం.

అయితే 'ఒక్కతే తీసింది' అన్న పొగడ్త నాకు మింగుడుపడదు. 2018లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఎడిటింగ్, బాలనటితో పాటు లొకేషన్ శబ్దగ్రహణం అవార్డు కూడా ఈ సినిమాకి వచ్చింది. ఆ శబ్దాన్ని పట్టింది రీమా కజిన్ మల్లికా దాస్. ఇంటిపనిలాగే, అయినవాళ్ల శ్రమ కూడా ఇట్టే లెక్కలోంచి జారిపోతుంది. దాన్ని పేరుపెట్టి చెప్పాలి. లేకపోతే 'చిన్న కెమెరా, ఒక్క మనిషి చాలు' అన్న ప్రశంస, రేపు ఇంకో అమ్మాయి సినిమాకి డబ్బు ఇవ్వకపోవడానికి సాకవుతుంది.