రేనాటి కట్టుబడి – స్కాట్లండు ఇవాన్: సైనికుడైన రైతు సహాయక పాత్ర

నేటి నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల ప్రాంతాల జానపదులు 1846 నాటి తిరుగుబాటును వీరగాథగా గానం చేశారు. అందులో నాయకుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. ఆయన అనుచరులలో ఎందరో కట్టుబడులు. గ్రామానికి కాపలా కాసి, ప్రతిఫలంగా లభించిన మాన్యాన్ని అనుభవించినవారు వీరు. కుంపిణీ ప్రభుత్వం ఆ మాన్యాలపై చేయి వేయడం వీరి తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. అయినా వడ్డె ఓబన్న వంటి కొద్దిమంది పేర్లు తప్ప, మిగిలినవారు మనకు 'దండు'గానే మిగిలారు.

ఇటువంటి పాత్రకు ముఖమిచ్చిన నవల లూయిస్ గ్రాసిక్ గిబ్బన్ రచించిన 'సన్‌సెట్ సాంగ్' (1932). కథానాయిక క్రిస్ గత్రీ. ఆమె భర్త ఇవాన్ టావెండేల్ సహాయక పాత్ర. సేద్యం విడిచి మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్లిన అతడు సెలవుపై కఠినాత్ముడై ఇల్లు చేరుతాడు. తరువాత ఫ్రాన్సులో, తన పొలం మనసులో మెదిలి, యుద్ధభూమిని విడిచి నడుస్తాడు. సైన్యం అతణ్ణి కాల్చి చంపుతుంది.

మట్టిపై మమకారం ఇవాన్ చేత ఆయుధం విడిపించింది. కట్టుబడి చేత పట్టించింది. ఇవాన్ మరణాన్ని రచయిత అతని భార్య దుఃఖం ద్వారా చూపాడు. కట్టుబడి ఇల్లాలి దుఃఖాన్ని మనం ఇంకా వెదకలేదు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీయడంతో నాయకుని కథ ముగిసింది. మాన్యం కోల్పోయిన కుటుంబం కథ ముగియలేదు. వీరగాథా విమర్శ ఇకనైనా ఆ ఇంటి గడప తొక్కాలి.