వాడుకరి నుంచి సభ్యత్వం దాకా: తెలుగు వికీపీడియా స్వచ్ఛంద బృందాల ఆహ్వాన భాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఓపెన్‌సోర్స్ సముదాయాల స్వచ్ఛంద బృందాల్లో చేరడాన్ని సాధారణంగా సాంకేతిక నైపుణ్యానికో సేవాభావానికో సంబంధించిన విషయంగా భావిస్తారు. ఈ వ్యాసం దానిని భాషకు సంబంధించిన విషయంగా చూస్తుంది. తెలుగు వికీపీడియాలో కొత్తవారిని పిలిచే మాటలనూ, వారి తొలి రచనను తొలగించే మాటలనూ పక్కపక్కన పెట్టి చదువుతుంది. పేరు నమోదుతో చేరిక పూర్తికాదనీ, తొలి దిద్దుబాటుకు అందే జవాబే దానిని నిర్ణయిస్తుందనీ ప్రతిపాదిస్తుంది. ఆ జవాబు ఇవ్వడంలో తెలుగు అధ్యాపకుల బాధ్యతను కోస్గి ప్రాంతం ఉదాహరణగా చర్చిస్తుంది.

కీలక పదాలు: ఓపెన్‌సోర్స్, తెలుగు వికీపీడియా, స్వచ్ఛంద బృందాలు, వాడుకరి, రచ్చబండ, మౌఖిక ఆధారాలు, కోస్గి, సురవరం ప్రతాపరెడ్డి.

1. ప్రవేశిక:
తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో ప్రారంభమైంది. దానిని నడిపించే మీడియావికీ ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్. అంటే దాని మూలాన్ని ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు, తమ భాషలోకి తెచ్చుకోవచ్చు. తెరమీద కనిపించే తెలుగు మాటలు స్వచ్ఛందంగా పనిచేసే అనువాదకుల కృషి ఫలితం. కాబట్టి ఇక్కడ రెండు రకాల బృందాలున్నాయి. ఒకటి సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రూపం ఇచ్చేది. రెండోది ఆ రూపంలో వ్యాసాలు రాసి, దిద్ది, కాపాడేది. ఈ బృందాల్లో ఎవరు చేరుతున్నారన్నది ఒక ప్రశ్న. చేరాలనుకున్నవారికి అక్కడి భాష ఏమని చెబుతోందన్నది మరో ప్రశ్న. సాహిత్య విమర్శకు పని కల్పించేది రెండోదే.

2. ద్వారాలు – పద్ధతులు:
ఓపెన్‌సోర్స్ ప్రపంచంలో ప్రవేశ పద్ధతులన్నీ ఒక్కలాంటివి కావు. డెబియన్‌లో డెవలపర్ హోదా పొందాలంటే అప్పటికే ఆ హోదాలో ఉన్నవారి సిఫారసు కావాలి. మీడియావికీ సందేశాలను అనువదించే ట్రాన్స్‌లేట్‌వికీలో కొత్తవారు మొదట కొన్ని సందేశాలను అనువదించి చూపాలి. వాటిని పరిశీలించిన తరువాతే అనుమతి లభిస్తుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ కళాశాలల్లోని విద్యార్థి బృందాల ద్వారా, ముఖాముఖి పరిచయంతో కొత్తవారిని చేర్చుకుంటుంది. వికీపీడియాలో ఖాతా లేకపోయినా చాలా పేజీలను దిద్దవచ్చు. ఏదైనా ప్రాజెక్టులో పాల్గొనదలచినవారు ఆ పేజీలోని జాబితాలో సంతకం చేస్తే సరిపోతుంది.

పైకి చూస్తే వికీపీడియా ద్వారమే అన్నింటికన్నా విశాలమైనది. అయితే జీన్ లేవ్, ఎతియెన్ వెంగర్ 1991లో ప్రచురించిన గ్రంథంలో చేసిన ఒక ప్రతిపాదన ఇక్కడ ఉపకరిస్తుంది. వారి దృష్టిలో నేర్చుకోవడమంటే ఒక వృత్తి సముదాయపు అంచున చిన్న పనులు చేస్తూ క్రమంగా లోపలికి చేరడం. దర్జీ దగ్గర చేరిన కుర్రవాడు మొదట గుండీలు కుడతాడు. అతని పక్కన చూసి చెప్పేవారుంటారు. సిఫారసు, పరీక్ష, ముఖాముఖి పరిచయం అనే పద్ధతుల్లో కష్టం ముందుంటుంది. కానీ ఆ కష్టంతోపాటు కొత్తవారిని ఎరిగిన మనిషి కూడా ఒకరు దొరుకుతారు. తెరిచి ఉన్న ద్వారంలో కష్టం తరువాత ఎదురవుతుంది. అప్పుడు పక్కన మనిషి ఉండకపోవచ్చు.

3. పిలుపు మాటలు:
3.1 వాడుకరి: తెలుగు వికీపీడియాలో ఖాతాదారు పేజీలకు ఒకప్పుడు ‘సభ్యుడు’, ‘సభ్యులు’ అనే పేర్లు ఉండేవి. ఇప్పుడు ‘వాడుకరి’ స్థిరపడింది. ఈ మార్పులో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ‘సభ్యుడు’ పురుషుణ్ణి మాత్రమే సూచిస్తుంది. ‘వాడుకరి’కి ఆ దోషం లేదు. ‘-అరి’ ప్రత్యయంతో ఏర్పడిన అచ్చమైన తెలుగు నిర్మాణమది. అయితే సభ్యత్వం ఒక సంబంధాన్ని చెబుతుంది. వాడుక ఒక ప్రయోజనాన్ని మాత్రమే చెబుతుంది. బావి నీళ్లు తోడుకునేవారిని వాడుకరులనవచ్చు. బావిలో పూడిక తీసేవారిని ఆ పేరుతో పిలవలేం. తెలుగు వికీపీడియాలో పూడిక తీసేవారి పేరు కూడా వాడుకరే. నిర్వాహక హోదా పొందినవారికి ‘నిర్వాహకులు’ అనే మాట ఉంది. ఆ రెంటికీ నడుమ, నాలుగు నెలలుగా శ్రద్ధతో పనిచేస్తూ ఇంకా ఏ హోదా లేని మనిషికి మాట లేదు. మాట లేనిచోట ఆ దశను గుర్తించే అలవాటు కూడా బలహీనంగానే ఉంటుంది.

3.2 రచ్చబండ: సముదాయమంతా కలిసి చర్చించే పేజీకి పెట్టిన పేరిది. తెలుగు పల్లెను ఎరిగినవారికి వెంటనే స్ఫురించే మాట కనుక ఎంపిక బాగుంది. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అనే సామెతలో రచ్చ బహిరంగ స్థలం. నేటి వాడుకలో రచ్చ అంటే గొడవ. ఈ రెండర్థాలూ ఆ పేజీకి అప్పుడప్పుడూ వర్తిస్తాయి. ఇంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పల్లెలో రచ్చబండమీద ఎవరు కూర్చున్నారు? పెద్దకులాల మగవారు కూర్చున్నారు. స్త్రీలు దాటిపోయారు. దళితులు దూరంగా నిలబడి తీర్పు విన్నారు. ఆ జ్ఞాపకం ఉన్న ఇంటినుంచి వచ్చిన విద్యార్థికి ఈ పేరు ఆత్మీయంగా వినిపిస్తుందని ముందుగానే అనుకోలేం. పేరు మార్చాలని ఈ వ్యాసం కోరదు. రూపకం తనతోపాటు తెచ్చే చరిత్రను నిర్వహించేవారు గుర్తుంచుకోవాలని మాత్రమే సూచిస్తుంది.

3.3 మొలక: చిన్న వ్యాసానికి పెట్టిన ఈ పేరు మూడింటిలోనూ ఉత్తమమైనది. అసంపూర్ణతను అది లోపంగా చూపదు, వయసుగా చూపుతుంది. మొలకకు నీరు పోసేవారు విత్తనం వేసినవారే కానక్కరలేదన్న భావం కూడా అందులో ఉంది. మెట్టచెలకలు ఎరిగిన పాలమూరు పాఠకుడికి మరొకటి కూడా తెలుసు. మొలవడం ఒక ఎత్తు, తడి నిలవడం మరొక ఎత్తు.

4. కోస్గి పేజీ – తొలి దిద్దుబాటు:
కోస్గి ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి పెరిగినప్పుడు అది మహబూబ్‌నగర్‌లోనే ఉంది. 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన నారాయణపేట జిల్లాలో చేరింది. కర్నూలు జిల్లాలో కోసిగి ఉంది. ఆంగ్ల లిపిలో రెండూ దాదాపు ఒకటే. ఒక ఊరి పేజీలో జిల్లా పేరు సరిగా ఉండాలన్నా, రెండు ఊళ్ల సమాచారం కలిసిపోకుండా ఉండాలన్నా ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి. పేరు ఒకటై విషయాలు వేరైనప్పుడు దారిచూపే పేజీలకు తెలుగు వికీపీడియా పెట్టుకున్న పేరు ‘అయోమయ నివృత్తి’. జిల్లాలు మారినప్పుడు వేల గ్రామాల పేజీలకు ఇదే పని అవసరమవుతుంది. అది ఒక్కరివల్ల అయ్యేది కాదు. బృందం ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అవసరం లేదు.

కోస్గి మండలంలోని ఒక గ్రామానికి చెందిన డిగ్రీ విద్యార్థినిని ఊహించుకుందాం. తన ఊరి పేజీ తెరుస్తుంది. జనాభా, విస్తీర్ణం, పిన్‌కోడు కనిపిస్తాయి. ఊరి చెరువు గురించి ఒక్క ముక్కా లేదు. చెరువుకు ఆ పేరు ఎలా వచ్చిందో, అలుగు పారిన ఏడాది ఊరు ఏం చేసేదో నాయనమ్మ చెప్పగా విన్నది. నాలుగు వాక్యాలు రాస్తుంది. కొంతసేపటికి అవి కనిపించవు. పేజీ చరిత్రలో ‘మూలం లేదు’ అన్న రెండు మాటలుంటాయి. ఆమె చర్చాపేజీలో మాత్రం పెద్ద స్వాగత సందేశం ఉంటుంది. అందులో ఎన్నో లంకెలున్నాయి. ఆమె రాసిన చెరువు ప్రస్తావన ఎక్కడా లేదు.

ఈ రెండు పాఠాలనూ కలిపి చదవాలి. స్వాగతం దీర్ఘమైనది, మర్యాదైనది, అందరికీ ఒకటే. తొలగింపు కారణం క్లుప్తమైనది, న్యాయమైనది, కానీ ఆమె ఒక్కతికే చెందినది. తనను ఉద్దేశించి అన్న మాటగా ఆమెకు మిగిలేది రెండోదే. తొలగించినవారిది దురుద్దేశం కాదు. నిర్ధారించుకోగల ఆధారం లేనిదే సమాచారం నిలవరాదన్న నియమం లేకపోతే విజ్ఞానసర్వస్వానికి విలువ ఉండదు. లోపం నియమంలో లేదు, నియమాన్ని చెప్పిన వాక్యంలో ఉంది. ‘మీరు రాసినది విలువైనది. దీనికి అచ్చులో ఆధారం ఏదైనా ఉందా? జిల్లా శాసన సంపుటాల్లో వెతుకుదామా?’ అని ఉంటే నియమం అదే, ఫలితం వేరు.

ఇది భావుకతతో అంటున్న మాట కాదు. ఆంగ్ల వికీపీడియాపై ఆరన్ హాఫకర్ తదితరులు 2013లో ప్రచురించిన పరిశోధన, సదుద్దేశంతో వచ్చిన కొత్తవారి తొలి దిద్దుబాట్లను తిరస్కరించడం వారు నిలవకపోవడానికి ఒక ముఖ్య కారణమని చూపింది. వేల మంది రచయితలున్న భాషే ఆ నష్టాన్ని గుర్తించవలసివచ్చింది. కొద్దిమంది భుజాలమీద నడిచే తెలుగు సముదాయానికి ఒక్కరు వెనుదిరగడం కూడా పెద్ద నష్టమే.

5. ఆధారం లేని జ్ఞానం:
నాయనమ్మ మాట ఎప్పటికీ ఆధారం కాదా? 2011లో అచల్ ప్రభల ఆధ్వర్యంలో జరిగిన మౌఖిక ఉల్లేఖనాల ప్రయోగం ఈ ప్రశ్ననే ఎత్తింది. మలయాళం, హిందీ, సెపెడి భాషల్లో మనుషులు చెప్పినదాన్ని ధ్వనిముద్రణ చేసి ఆధారంగా చూపవచ్చా అని ఆ ప్రయోగం పరిశీలించింది. ఆ మూడింటిలో తెలుగు లేదు. అచ్చులోకి రాని గ్రామజ్ఞానం విస్తారంగా ఉన్న తెలంగాణ మెట్టప్రాంతాలకు ఆ చర్చ ఇప్పటికీ అవసరమే.

ఇటువంటి సందర్భాన్ని పాలమూరు ఒకసారి ఎదుర్కొంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోల్కొండ కవుల సంచికను వెలువరించారు. 354 మంది కవులు అందులో చోటుచేసుకున్నారు. వారు అంతకుముందూ ఉన్నారు, రాశారు. వారున్నారనడానికి చూపదగిన గ్రంథం మాత్రం లేదు. సంచిక ఆ గ్రంథమైంది. ఆయనే తరువాత ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆచారాలను, ఆటలను, జనజీవన వివరాలను చరిత్రకు సామగ్రిగా స్వీకరించారు. నేడు ఆ పుస్తకమే ఎన్నో వ్యాసాలకు మూలం. మూలాలు వాటంతట అవి పుట్టవని, ఎవరో పూనుకుని వాటిని తయారుచేస్తారని ఈ రెండు గ్రంథాలూ నిరూపిస్తున్నాయి.

పోలికకు హద్దు కూడా ఉంది. సంచికకు సంపాదకుడు ఒక్కరు, నిర్ణయం ఆయనది. వికీపీడియాలో నిర్ణయం సముదాయానిది. కానీ సంచికలో చోటు పొందిన కవి ఒక నిర్దిష్టమైన మనిషి తన రచనను చదివి స్వీకరించారని ఎరుగును. కొత్త వాడుకరికి కరువైనది సరిగ్గా ఆ ఎరుకే.

6. అధ్యాపకుల పాత్ర:
కళాశాలల్లో వికీపీడియా రచనను అభ్యాసంగా ఇచ్చే ప్రయత్నాలు ఆహ్వానించదగినవి. అయితే ‘ఒక్కొక్కరు పది వ్యాసాలు’ అన్న లెక్క పెట్టగానే విద్యార్థి యంత్రానువాదాన్ని ఆశ్రయిస్తాడు. గూగుల్ ప్రోద్బలంతో 2009 ప్రాంతంలో భారతీయ భాషల వికీపీడియాల్లోకి వచ్చిన అనువాద వ్యాసాల అనుభవం మనముందుంది. వాటిలోని కృతకమైన వాక్యాలను సరిదిద్దే భారం సముదాయాలమీద పడింది. లెక్క కోసం చేరినవారు లెక్క తీరగానే వెళ్లిపోతారు.

దీనికి బదులు మూడు పనులు చేయవచ్చు. మొదటిది, అధ్యాపకులు తామే ముందుగా ఒక ప్రాజెక్టులో చేరి, తమ వాక్యం తొలగింపుకు గురైన అనుభవాన్ని పొందాలి. ఆ తరువాతే విద్యార్థిని పంపాలి. రెండోది, ఒక విద్యార్థికి ఒక ఊరు చాలు. ఆ ఊరి పేజీలో జిల్లా, మండలం సరిచూడడం వంటి చిన్న దిద్దుబాటుతో మొదలుపెట్టి, చర్చాపేజీలో వచ్చిన ప్రశ్నకు జవాబు రాయడం దాకా వారి వెంట ఉండాలి. మూడోది ప్రధానమైనది. చెరువుల, జాతరల, ఇంటిపేర్ల గురించి విద్యార్థులు సేకరించినదాన్ని క్షేత్ర పరిశోధన నియమాలతో పరిశీలించి, చెప్పినవారి అనుమతితో, సమీక్షిత పత్రికల్లో ప్రచురించాలి. అప్పుడు నాయనమ్మ మాటకు పుటసంఖ్య వస్తుంది. వికీపీడియా నియమం సడలనక్కరలేదు. విద్యార్థిని వాక్యమూ పోనక్కరలేదు.

7. ఉపసంహారం:
తెలుగు వికీపీడియా ఆహ్వాన పదజాలం మొత్తంమీద సారవంతమైనది. మొలక వంటి మాటను కనిపెట్టిన సముదాయానికి భాషాశక్తి కొదవలేదు. పిలుపుపై పెట్టిన ఆ శ్రద్ధ తొలగింపు కారణాలపైకి, సందేహాలకిచ్చే జవాబులపైకి ఇంకా ప్రసరించవలసి ఉంది. తెరిచిన ద్వారం ఉండడం స్వేచ్ఛకు గుర్తు. లోపల ఒకరు పేరుపెట్టి పలకరించడం సభ్యత్వానికి గుర్తు. మొదటిదాన్ని సాఫ్ట్‌వేర్ సమకూర్చింది. రెండోదాన్ని మనుషులే సమకూర్చాలి. ఆ మనుషుల్లో తెలుగు బోధించేవారు, పరిశోధించేవారు తగినంతమంది ఉన్నారా అన్న ప్రశ్నకు జవాబు మన శాఖలనుంచే రావాలి.