పెద్దలు లేని పల్లె: లిలియానా కొరొబ్కా నవల

మాస్కోలో ఉండి ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు ప్రభృతులు తెలుగు చేసిన గ్రంథాల మూలంగా సోవియట్ బాలలు ఒక తరం తెలుగు పాఠకులకు ఆత్మీయులైనారు. బడి, వేసవి శిబిరం, సాయంకాలానికి ఇల్లు చేరే తల్లిదండ్రులు: ఆ బాల్యచిత్రం మనస్సులలో స్థిరపడినది. 1991లో సోవియట్ యూనియన్ అంతరించినది. ఆ పుస్తకాల రాక నిలిచినది. ఆ పిల్లలకు పుట్టిన పిల్లల గతి ఏమైనదన్న ప్రశ్న తెలుగున అరుదుగానే వినిపించినది.

మోల్డోవాలో జన్మించిన లిలియానా కొరొబ్కా రుమేనియన్ భాషలో వ్రాసిన 'కిండర్‌లాండ్' (2013) ఆ ప్రశ్నకు ఒక సమాధానం. మోనికా క్యూర్ చేసిన ఆంగ్లానువాదం 2023లో వెలువడినది.

కథ స్వల్పం. పన్నెండేండ్ల క్రిస్టీనా తల్లి ఇటలీలోను, తండ్రి రష్యాలోను పనికి పోయినారు. ఇద్దరు తమ్ముళ్ళను సాకే భారం ఆ పిల్లది. ఊరిలో మిగిలినవారు పిల్లలు, ముసలివారు.

ఈ శూన్యానికి కారణాలు చరిత్రలో ఉన్నవి. స్వాతంత్ర్యానంతరం మోల్డోవాలో సమష్టి క్షేత్రాలు విచ్ఛిన్నమై, భూమి చిన్న కమతాలుగా పంపకమైనది. 1998 నాటి రష్యా ఆర్థిక సంక్షోభం ద్రాక్షసారా ఎగుమతులను దెబ్బతీసినది. జనం వలసపోయినారు. 2000 దశకం మధ్యకు ప్రవాసులు పంపిన ధనం జాతీయోత్పత్తిలో దాదాపు మూడవ వంతు. ఇటలీలో పరుల వృద్ధులకు పరిచర్య చేసే స్త్రీలు తమ బిడ్డలను అవ్వల పంచన విడిచినారు.

నవలలో ఈ లెక్కలు లేవు. తమ్ముళ్ళ ఆకలి, జబ్బు, తగవులు, ఇంటిపని: వీటినే క్రిస్టీనా చెప్పుకొనిపోతుంది. ఎక్కడను జాలి కోరదు. తల్లి చేయవలసిన పనులు తనవే అన్నంత సహజంగా ఆమె మాట్లాడుతుంటే చదువరి గుండె కలుక్కుమంటుంది. రచయిత్రి సాధించిన శిల్పవిజయమిదే. లోపాలు లేకపోలేదు. ఘట్టాల నడుమ బిగువు తక్కువ. కొన్ని తావుల పసిదాని నోట రచయిత్రి వివేకమే పలుకుతున్నది.

కువైట్‌లో ఇంటిపనికి పోయిన తల్లుల కోసం కడప, గోదావరి జిల్లాలలో ఎదురుచూచిన బిడ్డలను ఎరిగిన పాఠకులకు క్రిస్టీనా పరాయిది కాదు. సోవియట్ బాల్యపు వెలుగును శ్రద్ధతో అందించిన తెలుగు అనువాదం, ఆ వెలుగు ఆరిన ఇండ్లను కూడా చూపవలసి ఉన్నది. పాఠకులకు సగం కథ చెప్పి ఊరకుండడం న్యాయం కాదు.