బ్రాకెట్లు లేని పిలుపు

దుకాణం బిల్లును జావాస్క్రిప్ట్‌లో ఒక ఆబ్జెక్ట్‌గా రాశామనుకోండి. ధర, పరిమాణం అందులో ఉంటాయి. మొత్తాన్ని కూడా విడిగా దాచుకుంటే, ధర మారినప్పుడల్లా దాన్నీ దిద్దాలి. ఎక్కడో ఒకచోట మరిచిపోవడం ఖాయం. గెట్టర్ ఈ పీడ వదిలిస్తుంది. అప్పుడు మొత్తం దాచిన అంకె కాదు, అడిగినప్పుడల్లా లెక్కగట్టి ఇచ్చే ఫంక్షన్. అయినా బ్రాకెట్లు పెట్టి పిలవనక్కర్లేదు, మామూలు ప్రాపర్టీని చదివినట్టే చదివేయొచ్చు. 2009లో వచ్చిన ఎక్మాస్క్రిప్ట్ అయిదో కూర్పు దీన్ని ప్రమాణంలోకి తెచ్చింది. ఈ సౌకర్యానికి ఒక షరతు ఉందని నా వాదన: చదివినట్టు కనిపించేది చదివినట్టే నడుచుకోవాలి. అంటే త్వరగా తేలాలి, దేన్నీ మార్చకూడదు, మధ్యలో ఏమీ మారకపోతే రెండోసారీ అదే జవాబు రావాలి.

భాషను తీర్చినవాళ్లు చాలాచోట్ల ఈ గీత దాటలేదు. మ్యాప్‌లో ఎన్ని జతలున్నాయో చెప్పే సైజ్ గెట్టరే. అడగ్గానే చెబుతుంది, దేన్నీ కదపదు. క్షణక్షణం మారే సమయాన్ని మాత్రం డేట్.నౌ అనే ఫంక్షన్‌తో, బ్రాకెట్లు పెట్టే అడగాలి. బ్రౌజర్ దగ్గరికొచ్చేసరికి గీత చెరిగిపోతుంది. పేజీలో ఒక భాగం ఎత్తు చెప్పే ఆఫ్‌సెట్‌హైట్ కూడా గెట్టరే. స్టైల్ మార్చిన వెంటనే దాన్ని అడిగితే, వాయిదా వేసుకున్న లేఅవుట్ లెక్కను బ్రౌజర్ అక్కడికక్కడే చేయాల్సి వస్తుంది. లూప్‌లో ఒక్కో పెట్టె ఎత్తు చదువుతూ, వెడల్పు మారుస్తూ పోతే వంద పెట్టెలకు దాదాపు వందసార్లు ఆ లెక్క తప్పదు. కోడ్‌లో మాత్రం అది ఏమీ ఎరగని పేరులా కూర్చుని ఉంటుంది.

విలువ దాచిందో, లెక్కగట్టిందో వాడేవాళ్లకు తెలియకపోవడమే మేలు కదా అంటారు. సాఫ్ట్‌వేర్ శాస్త్రవేత్త బెర్ట్రాండ్ మేయర్ చెప్పిన సూత్రం అదే, బలమైన వాదనే. అయితే ప్రశ్న అడిగినందుకు స్థితి మారకూడదన్నదీ ఆయన మాటే. ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తే ఎలా? మొదటిసారి లెక్కగట్టి దాచేస్తే ఖరీదు తగ్గుతుందన్నది ఇంకో జవాబు. ఎన్నటికీ మారని విలువకైతే సరే. బిల్లు మొత్తానికి అదే చేస్తే, పాత అంకె మిగిలిపోయే రోగం మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో చిక్కూ ఉంది. మూడు చుక్కల స్ప్రెడ్‌తో బిల్లును నకలు తీస్తే గెట్టర్ రాదు, ఆ క్షణాన అది ఇచ్చిన అంకె మాత్రమే వస్తుంది. నకలులో ధర మార్చి చూడండి, మొత్తం కదలదు. గెట్టర్‌ను చదవడం ఉత్త చదవడం కాకపోవచ్చన్న అనుమానం క్రోమ్ డెవలపర్ టూల్స్‌కీ ఉన్నట్టే ఉంది: గెట్టర్ ఎదురైతే విలువ చూపకుండా, అదీ మూడు చుక్కలే పెట్టి, మనం నొక్కేదాకా ఆగుతుంది.